ప్లగ్గు కొనే ముందు మీటరు పెట్టి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

కారు స్టార్ట్ కాకపోయినా, నడుస్తూ నడుస్తూ మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా అంటుకోకపోవడం) వచ్చినా ‘ముందు ప్లగ్గులు మార్చండి, అప్పటికీ తగ్గకపోతే కాయిల్ మార్చండి’ అనే సలహా పత్రికల వాహనాల పేజీల్లోనూ వీడియోల్లోనూ పదే పదే కనబడుతోంది. ఆ మాట నమ్మి నాలుగు ప్లగ్గులూ నాలుగు కాయిళ్లూ కొని బిగించాక, అసలు లోపం బ్యాటరీ నెగటివ్‌ను ఇంజన్‌కు కలిపే ఎర్త్ వైరు కింద పట్టిన తుప్పు అని తేలే సందర్భాలు తక్కువేం కావు. ప్లగ్గు అంటే సిలిండర్‌లో పెట్రోలును అంటించే నిప్పురవ్వ (స్పార్క్) పుట్టించేది, కాయిల్ అంటే దానికి హై వోల్టేజీ అందించేది. ఈ ఏర్పాటంతా కలిపి ఇగ్నిషన్. ఇందులో లోపాన్ని ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు. చాలాసార్లు బాగుచేసుకోవచ్చు కూడా. కాకపోతే వస్తువు మార్చి చూడటం పరీక్ష కాదు, కొలిచి చూడటం పరీక్ష. అందుకు కావలసిందల్లా మామూలు డిజిటల్ మల్టీమీటర్, స్పార్క్ బలం చూపే స్పార్క్ టెస్టర్, కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లు చదివే చిన్న ఓబీడీ స్కానర్, ప్లగ్గు పానా, సన్నటి ఖాళీలు కొలిచే ఫీలర్ గేజ్, దొరికితే ఎంత బలంగా బిగించామో చూపే ఒక టార్క్ రెంచ్. ఇక్కడ రాసేది పెట్రోలు ఇంజన్ల గురించే. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గే ఉండదు. గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది కనుక దాని సంగతి వేరు.

‘స్టార్ట్ కావట్లేదు’ అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు అసలు తిరగకపోవడం ఒకటి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోవడం ఇంకొకటి. మొదటిదానికీ ప్లగ్గులకూ ఏ సంబంధమూ లేదు. టకటకమని వరుసగా చప్పుడు వస్తే బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినల్ వదులైందనో అర్థం. ఒక్కసారి ‘టక్’ మని ఆగిపోతే సోలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్), సెల్ఫ్ మోటారు, లేదా వాటికి వెళ్లే లావు వైరును అనుమానించాలి. ఏ చప్పుడూ లేకపోతే రిలే, ఇగ్నిషన్ స్విచ్, క్లచ్ పెడల్ దగ్గరుండే స్విచ్ చూడాలి. ఆటోమేటిక్ కారయితే గేర్ లీవర్‌ను న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించాలి.

బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ మీద మీటరు పెడితే 12.6 వోల్టులో, కాస్త పైనో చూపాలి. 12.4 అంటే దాదాపు ముప్పావు చార్జి, 12.2 అంటే సగం. 12 కన్నా తగ్గిందంటే ముందు చార్జింగ్ పెట్టండి, మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే. అంతకన్నా ముఖ్యమైన రీడింగ్ ఇంకొకరు సెల్ఫ్ కొడుతుండగా తీసేది. అప్పుడు వోల్టేజీ 10కి పైనే నిలబడాలి. 9.6 కన్నా పడిపోతే బ్యాటరీ బలహీనమైనా అయి ఉండాలి, సెల్ఫ్ మోటారు మితిమీరి కరెంటు లాగుతూ అయినా ఉండాలి. ఇగ్నిషన్ గురించి రాసే చోట బ్యాటరీ ఎందుకంటే, వోల్టేజీ బాగా పడిపోయినప్పుడు సెల్ఫ్ ఎలాగోలా తిరిగినా కాయిల్‌కు చాలినంత కరెంటు అందదు, ఇంజన్ కంప్యూటర్ కూడా తడబడుతుంది. స్పార్క్ లేదని మనం కాయిల్‌ను తప్పుపడతాం.

బ్యాటరీ మంచిదై, అయినా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే వోల్టేజీ ఎక్కడ దిగిపోతోందో వెతకాలి. ఈ పరీక్ష చాలామందికి తెలియదు గానీ, ఇంట్లో చేసుకోదగ్గ వాటిలో ఇంత పనికొచ్చేది మరొకటి లేదు. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి ఒక కొసను బ్యాటరీ పోల్ మధ్యలో, సీసం మీదే, గట్టిగా నొక్కండి. రెండో కొసను ఆ పోల్‌ను పట్టుకున్న క్లాంప్ మీద ఆనించండి. సెల్ఫ్ కొట్టించండి. రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నవే కాబట్టి మీటరు దాదాపు సున్నా చూపాలి. 0.2 వోల్టు దాటిందంటే పైకి మెరుస్తూ కనిపించే క్లాంప్ లోపల చిలుము పొర ఉన్నట్టే. ఆ తర్వాత ఒక కొసను నెగటివ్ పోల్ మీదే ఉంచి రెండోదాన్ని ఇంజన్ బ్లాక్ మీద, పెయింటు లేని చోట, ఆనించి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. ఇక్కడ 0.3 లోపు ఉంటే సరే. అర వోల్టు కనబడితే ఎర్త్ పట్టీని రెండు చివర్లా విప్పి, కింది ఇనుము మెరిసేదాకా గీకి, తిరిగి బిగించాలి. ఒక్క పైసా ఖర్చు లేకుండా తీరిపోయే లోపమిది.

టెర్మినళ్లు విప్పేటప్పుడు నెగటివ్ ముందు తీయాలి, ఆఖర్న బిగించాలి. ఈ వరస తప్పితే పాజిటివ్ నట్టు మీద ఉన్న పానా బాడీకి తగిలి బ్యాటరీ నేరుగా షార్ట్ అవుతుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది, అక్కడ చిన్న నిప్పురవ్వ కూడా పుట్టకూడదు. ఉంగరాలు, గొలుసులు తీసి పెట్టండి. తెల్లగా పేరుకున్న చిలుముకు కప్పు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పోసి, బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి ఆరనిస్తే చాలు. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి దిగకుండా చూసుకోండి. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పలచగా పూయండి.

ఇగ్నిషన్ స్విచ్ సంగతి త్వరగానే తేలుతుంది. బ్యాటరీ, టెర్మినళ్లు బాగున్నాయని తేలాక కూడా తాళం ఆన్‌లో ఉండగా డాష్‌బోర్డు లైట్లు వెలిగి, సెల్ఫ్ కొట్టగానే పూర్తిగా ఆరిపోతుంటే, లేదా తాళాన్ని కాస్త కదిపితే నడుస్తున్న ఇంజన్ ఆగిపోతుంటే, లోపల కాంటాక్టులు అరిగాయని గట్టిగా అనుమానించాలి. ఒక తాళంచెవికి ఇంట్లో ఉన్న తాళాలన్నీ గుత్తిగా తగిలించి వేలాడదీసే అలవాటు మానుకోవాలి. ఆ బరువుకు, బండి కుదుపులకు లాక్ అరుగుతుంది. బరువు లాగినప్పుడు తాళం ఆన్ నుంచి పక్కకు జారే లోపంతోనే 2014లో జనరల్ మోటార్స్ లక్షల సంఖ్యలో చిన్న కార్లను వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. ఇంజన్ ఆగడమే కాదు, తాళం జారిన స్థితిలో ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేయలేదు.

ఇంజన్ ఇలా అంటుకుని అలా ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంటే, డాష్‌బోర్డులో తాళం బొమ్మ మిణుకుమంటుంటే, అది ఇమొబిలైజర్ (సొంత తాళంచెవిని గుర్తిస్తేనే ఇంజన్‌ను నడవనిచ్చే దొంగతన నిరోధక ఏర్పాటు) పని. రెండో తాళంచెవితో ప్రయత్నించండి. బటన్ స్టార్ట్ కారయితే రిమోట్‌లో సెల్ మార్చి చూడండి. ఇవేవీ చూడకుండా బానెట్ ఎత్తొద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కిందనుంచి పెట్రోలు పంపు రెండు సెకన్ల పాటు సన్నగా మూలగడం చాలా కార్లలో వినబడుతుంది. అది వినిపిస్తే సెల్ఫ్ కొడుతూ ఆర్పీఎం ముల్లు వంక చూడండి. స్కానర్ ఉంటే అందులో ఆర్పీఎం చూడటం ఇంకా నమ్మకం. సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్పీఎం సున్నా దగ్గరే ఉంటే క్రాంక్ సెన్సర్ నుంచి సంకేతం రావట్లేదన్న మాట. ఇంజన్ ఏ క్షణంలో ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పేది అదే. అది చెప్పకపోతే కంప్యూటర్ స్పార్కూ ఇవ్వదు, చాలా కార్లలో పెట్రోలూ వదలదు. ప్లగ్గులు మార్చినా ఫలితం శూన్యం. ఈ సెన్సర్ తరచూ చేసే చిత్రం ఒకటుంది. ఇంజన్ బాగా వేడెక్కాక బండి ఆగిపోతుంది, అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. స్కానర్‌లో ఈ సెన్సర్ లోపాన్ని చెప్పే పీ0335 కోడ్ కనిపిస్తే ముందు సెన్సర్ కనెక్టర్ విప్పి పిన్నుల్లో ఆయిలో నీరో చేరిందేమో, వైరు ఎక్కడైనా ఒరుసుకుందేమో చూడండి. సెన్సర్ కొనడం ఆ తర్వాత.

పదేపదే సెల్ఫ్ కొట్టడం వల్ల సిలిండర్లలో పెట్రోలు నిండిపోయి ఉంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి ఒక ఉపాయం ఉంది. యాక్సిలరేటర్‌ను పూర్తిగా అదిమి పట్టి సెల్ఫ్ కొడితే కంప్యూటర్ ఇంజెక్టర్లను ఆపేస్తుంది, గాలి మాత్రమే వెళ్లి ప్లగ్గులు ఆరతాయి. ఒక విడతకు పది సెకన్లు మించకూడదు. మధ్యలో కనీసం అర నిమిషం ఆగకపోతే సెల్ఫ్ మోటారు కాలుతుంది.

స్పార్క్ పరీక్ష దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. కాయిల్ చేసే పని 1910 ప్రాంతంలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ ఇగ్నిషన్‌ను రూపొందించినప్పటి నుంచీ మూలంలో ఒక్కటే. కొద్ది చుట్ల తీగలోంచి 12 వోల్టుల కరెంటు పారించి టక్కున తెంపేస్తే, పక్కనే వేల చుట్లున్న సన్నతీగలో 20 వేల నుంచి 40 వేల వోల్టులు పుడతాయి. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి, దేనికి మార్పు రాలేదో చూడమనే సలహా ఇంకా చెలామణిలో ఉంది. దాన్ని ప్రచురించవద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఆ వోల్టేజీ దారి దొరక్క పీకిన మనిషి చేతిలోంచి పోతుంది, లేదా కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ను చీల్చుకుని పోతుంది. ఆ సిలిండర్‌లో కాలని పెట్రోలు సైలెన్సర్ లైన్లోకి చేరి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, లోపలి పింగాణీ గూడు కరిగిపోతుంది. పేస్‌మేకర్ ఉన్నవారు నడుస్తున్న ఇగ్నిషన్ దరిదాపుల్లో కూడా పనిచేయకూడదు.

సరైన పద్ధతి చెబుతాను. పెట్రోలు పంపు ఫ్యూజు తీసేసి, రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టి లైన్లో ప్రెషర్ తగ్గించండి. తాళం ఆపు చేసి కాయిల్ బయటికి తీయండి. దానికి స్పార్క్ టెస్టర్ తగిలించి, టెస్టర్ క్లిప్పును ఇంజన్ లోహానికి గట్టిగా పట్టించి, చేతులు దూరంగా పెట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. నీలంగా, టపటపమని క్రమం తప్పకుండా రావాలి. పసుపుగా, సన్నగా, మధ్యమధ్య తప్పిపోతూ వస్తే బలం లేనట్టే. ప్లగ్గునే బయటకు తీసి బ్లాక్‌కు ఆనించి ‘స్పార్క్ వస్తోంది, కాయిల్ మంచిదే’ అనుకోవడం సరికాదు. బయటి గాలిలో ప్లగ్గు కొన దగ్గరి ఒక మిల్లీమీటరు గ్యాప్ (ఖాళీ) దాటడానికి కొద్ది వేల వోల్టులు చాలు. సిలిండర్‌లో నొక్కుడుకు గురైన గాలిని దాటాలంటే దానికి ఎన్నో రెట్లు కావాలి. బయట కొట్టి లోపల కొట్టని కాయిళ్లు ఎన్నో. గ్యాప్ ఎక్కువుండే టెస్టర్ అవసరం అందుకే.

స్టార్ట్ అవుతుంది గానీ మిస్సింగ్ ఉంది, ఎత్తు ఎక్కేటప్పుడు జర్కులు కొడుతోంది అంటే మొదట స్కానర్. డ్రైవర్ కాళ్ల పైన డాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్ (మిస్సింగే), పీ0302 అంటే రెండోది, అలా వరసగా. పీ0300 అంటే ఫలానా సిలిండర్ అని లేకుండా అన్నిట్లో అక్కడక్కడా. పీ0351 నుంచి వచ్చేవి ఆయా కాయిళ్ల సర్క్యూట్ గురించి. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా ఇంటికి చేరవచ్చు. వెలిగి ఆరుతూ ఉంటే మాత్రం కన్వర్టర్ పాడయ్యేంత మిస్‌ఫైర్ ఉందని. బండి పక్కన ఆపేయాలి.

కోడ్ రాగానే ఆ సిలిండర్ కాయిల్ కొనేయకండి. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న కార్లలో నిర్ధారణకు అరగంట చాలు. ఇంజన్ ఆపి, తాళం తీసి, రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానిలో, మూడోదాన్ని రెండోదానిలో పెట్టండి. కోడ్ చెరిపేసి బండి నడపండి. పీ0302 పోయి పీ0303 వస్తే దోషం కాయిల్‌దే, అది తన వెంట జబ్బును తీసుకెళ్లింది. పీ0302 అక్కడే ఉంటే ప్లగ్గులను అలాగే అటూ ఇటూ మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే ఇగ్నిషన్ దాదాపు నిర్దోషి. ఇంజెక్టరో, వాల్వులో, కంప్రెషనో, ఇన్‌టేక్ దగ్గర గాలి లీకో అయి ఉంటుంది. సిలిండర్ల లెక్క ఏ వైపు నుంచి మొదలవుతుందో మాన్యువల్‌లో చూసుకోండి. సాధారణంగా బెల్టు ఉన్న వైపు ఒకటి, కానీ అన్ని ఇంజన్లకూ అలా కాదు. రెండు సిలిండర్లకు ఒకే కాయిల్ ఉండే రకంలో ఒకటీ నాలుగూ, లేదా రెండూ మూడూ జంటగా మిస్ అయితే అనుమానం కాయిల్ మీదికి పోవాలి. జంటలో ఒక్కటే అయితే ముందు ప్లగ్గు, వైరు చూడాలి.

కాయిల్ తీసేటప్పుడు కనెక్టర్ తాళాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. బొటనవేలితో నొక్కి జార్చాలి. కాయిల్‌ను నేరుగా లాగకుండా ముందు కొద్దిగా మెలితిప్పితే రబ్బరు బూటు ప్లగ్గును వదులుతుంది, చిరగదు. ప్లగ్గు గుంటలోకి టార్చి వేసి చూడండి. ఆయిల్ కనబడితే పై కవర్‌లోని సీల్ పోయింది. దాన్ని మార్చకుండా కొత్త కాయిల్ పెడితే దాని బూటు కూడా ఆయిల్‌కు నానిపోతుంది. నీళ్లు కనబడితే ఇంజన్‌ను ప్రెషర్‌తో కడిగిన ఫలితం. ఎండిన గుడ్డతో, గాలితో ఆరబెడితే పోతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్గు విప్పాలి. అల్యూమినియం హెడ్ వేడిగా ఉన్నప్పుడు తిప్పితే మరలు ప్లగ్గుతో పాటు ఊడివస్తాయి, ఆ తర్వాత జరిగే పని ఇంట్లో అయ్యేది కాదు. విప్పే ముందు గుంటలోని దుమ్ము ఊదేయండి, లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది. తీసిన ప్లగ్గులను సిలిండర్ వరసలోనే పేర్చండి. కొన లేత గోధుమ లేదా బూడిద రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా స్పార్క్ చాలట్లేదు. పెట్రోలుతో తడిసి ఉంటే అక్కడ స్పార్క్ పడలేదు. జిడ్డు ఆయిల్ ఉంటే రింగులో, వాల్వ్ సీళ్లో. తెల్లగా బొబ్బలెక్కి ఉంటే వేడి మితిమీరింది.

ఇప్పుడు ప్లగ్గు తెల్ల పింగాణీని వెలుతురులో నెమ్మదిగా తిప్పి చూడండి. కింద లోహం అంచు దగ్గర చుట్టూతా గోధుమరంగు పట్టీలా ఉంటే దానివల్ల హాని లేదు. హై వోల్టేజీ చుట్టూ ఉన్న గాలిలోని ఆయిల్ తుంపరలు అతుక్కున్న మరక అది. కానీ పై నుంచి కిందికి పెన్సిల్‌తో గీసినంత సన్నటి నల్లగీత నిలువునా కనిపిస్తే జబ్బు దొరికినట్టే. స్పార్క్ గ్యాప్ దాటకుండా ఆ గీత వెంట జారి బాడీలోకి పోతోంది. బూటు లోపలి గోడ మీద సరిగ్గా ఎదురుగా అలాంటి గీతే ఉంటుంది. ప్లగ్గు ఒక్కటే మారిస్తే బూటులోని గీత కొత్త ప్లగ్గును కాలుస్తుంది. రెండూ కలిపి మార్చాలి. మిస్సింగ్ మళ్లీ మళ్లీ తిరగబెట్టే కార్లలో ఈ గీత కోసం తప్పక వెతకండి.

గ్యాప్ మాన్యువల్ చెప్పినంతే ఉండాలి. సాధారణంగా 0.7 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది. గ్యాప్ పెరిగేకొద్దీ కాయిల్ ఎక్కువ వోల్టేజీ పుట్టించాల్సి వస్తుంది, అరిగిన ప్లగ్గు మంచి కాయిల్‌ను చంపేది ఇలాగే. ఇరీడియం ప్లగ్గుల నడిమి కడ్డీ అర మిల్లీమీటరు మందం ఉంటుందేమో. దాన్ని ఇనుప బ్రష్‌తో రుద్దొద్దు, గేజ్‌తో దాని మీద ఒత్తొద్దు. ప్లగ్గు నంబరు కూడా మార్చొద్దు. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో హీట్ రేంజ్ (ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పేది) అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, బాష్‌లో అందుకు తిరగబడి ఉంటుంది. అంకెలు పోల్చి ఒక కంపెనీ బదులు ఇంకోటి పెట్టేవారు ఇక్కడే దెబ్బతింటారు.

బిగించేటప్పుడు పానాతో మొదలుపెట్టకండి. ప్లగ్గు తలకు చిన్న రబ్బరు గొట్టం తొడిగి దానితో తిప్పండి. మర అడ్డంగా పడితే గొట్టమే జారిపోతుంది, హెడ్ దెబ్బతినదు. వాషరు ఆనేదాకా చేత్తోనే తిప్పి, ఆ తర్వాత కొత్త ప్లగ్గుకు సగం నుంచి మూడింట రెండొంతుల చుట్టు చాలు. పాతదే తిరిగి పెడితే చుట్టులో పన్నెండో వంతు. వాషరు లేని వాలు అంచు ప్లగ్గుకు పదహారో వంతు. టార్క్ రెంచ్ ఉంటే 14 మి.మీ. మర ప్లగ్గుకు అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. దానికి 15 నుంచి 20. మరలకు యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే జిడ్డు పేస్టు) పూయకండి. పూత ఉన్న ప్లగ్గులకు అది అక్కర్లేదు, పైగా జారుడు వల్ల అదే టార్క్‌కు ఎక్కువ బిగిసిపోతుంది. బూటు లోపలి అంచుకు మాత్రం సిలికాన్ డైఎలెక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు కొద్దిగా రాయండి. లోపలి కాంటాక్టుకు వద్దు.

కాయిల్‌ను ఓమ్ మీటరుతో కొలవడం పాత రకాలకు బాగా పనికొస్తుంది. ప్రైమరీ (కొద్ది చుట్ల తీగ) ఒక ఓమ్ అటూ ఇటూ, పాతకాలపు వాటిలో మూడు దాకా, సెకండరీ (వేల చుట్ల సన్నతీగ) ఐదు నుంచి పదిహేను వేల ఓమ్‌లు చూపుతుంది. లోపలే ఇగ్నైటర్ (కాయిల్ కరెంటును తెంపే ఎలక్ట్రానిక్ స్విచ్) ఉన్న మూడు నాలుగు పిన్నుల కాయిళ్లకు ఈ కొలత చెల్లదు. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపి వేడెక్కాక తెగిపోయే కాయిళ్లూ ఉన్నాయి. అందుకే అటూ ఇటూ మార్చి చూసే పరీక్షకే నా ఓటు, అదీ ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి.

ఒకే కాయిల్ నుంచి వచ్చే వోల్టేజీని సిలిండర్లకు వరసగా పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత కార్లయితే క్యాప్ లోపల పగుళ్లు, నడిమి కార్బన్ ముక్క, లోపల తిరిగే రోటర్ కొన, కాయిల్ కరెంటును తెంపే పాయింట్ల గ్యాప్ చూసుకోవాలి. చాలా ఇంజన్లకు పాయింట్ల గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ. పాయింట్లు త్వరత్వరగా కాలిపోతుంటే కండెన్సర్ మార్చండి.

పని అయ్యాక పంపు ఫ్యూజు తిరిగి పెట్టి, కోడ్లు చెరిపి, బండిని చల్లగా ఒకసారి, వేడెక్కాక ఒకసారి స్టార్ట్ చేసి, ఎత్తు మీద కాస్త నడిపి మళ్లీ స్కాన్ చేయండి. పెండింగ్‌లో (ఇంకా నిర్ధారణ కాని కోడ్ల జాబితాలో) కూడా ఏ కోడూ లేకపోతేనే లోపం తీరినట్టు. తీరక మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే ‘మిస్సింగ్ ఉంది’ అని ఊరుకోకండి. ఏ కోడ్ వచ్చింది, కాయిల్ మార్చితే కదిలిందా లేదా, సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టులెంత అన్నవి కాగితం మీద రాసివ్వండి. తీసిన పాత ప్లగ్గులను సిలిండర్ నంబరు వేసి వెంట తీసుకెళ్లండి. కంప్రెషన్ ఏ సిలిండర్‌లో ముందు చూడాలో వాటి రంగును బట్టి ఆయన చెప్పగలరు.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్